ఇంట్లో హంతకుడు: కొరియా టీవీలో పొట్టి సీరియళ్లు, ప్రేక్షకుల తీర్పు

కొరియాలో తరతరాలుగా అందరికీ తెలిసిన హత్య కథ ఒక ఇంట్లోనే జరుగుతుంది. జోసోన్ రాజుల పాలన చివరి రోజుల్లో బాగా ప్రచారంలోకి వచ్చిన 'జాంఘ్వా హోంగ్న్యోన్' కథకు ఉత్తరాన ప్యోంగాన్ ప్రాంతంలోని చోల్‌సాన్ నేపథ్యం. తల్లిని పోగొట్టుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు, మళ్లీ పెళ్లి చేసుకున్న తండ్రి, ఆస్తి పిల్లల పాలవుతుందని కుళ్లిపోయే సవతి తల్లి ఇందులో ముఖ్య పాత్రలు. సవతి తల్లి ఒక ఎలుకకు తోలు వలిచి పెద్దమ్మాయి జాంఘ్వా దుప్పటి కింద దాస్తుంది. పెళ్లికాని పిల్ల కడుపు తీయించుకుందని భర్తను నమ్మిస్తుంది. పరువుకు జడిసి తండ్రి నోరు మెదపడు. సవతి తల్లి కొడుకు జాంఘ్వాను చెరువు దగ్గరికి తీసుకెళ్లి ముంచేస్తాడు. సంగతి తెలిసిన చెల్లెలు హోంగ్న్యోన్ అదే చెరువులో దూకి చనిపోతుంది.

తర్వాత కథ పరిశోధన దారి పడుతుంది. న్యాయం అడగడానికి వచ్చిన ఆత్మలను చూసి, ఊరికి బదిలీ మీద వచ్చిన అధికారులు ఒకరి తర్వాత ఒకరు భయంతో ప్రాణాలు విడుస్తారు. చివరికి ధైర్యవంతుడైన అధికారి ఒకడు వచ్చి ఆత్మల మాట వింటాడు. సవతి తల్లి చూపించిన 'పిండం' చూసి మొదట అతనూ మోసపోతాడు. ఆత్మలు మళ్లీ కనిపించి దాన్ని కోసి చూడమంటాయి. కోస్తే లోపల ఎలుక పెంట బయటపడుతుంది. దొంగ సాక్ష్యం, దాన్ని పట్టించే పరీక్ష, పరువు కోసం కళ్లు మూసుకున్న ఇంటి పెద్ద: అపరాధ పరిశోధన కథకు కావలసిన సరుకంతా ఇందులో ఉంది. హంతకులెవరో వినేవాళ్లకు మొదటినుంచీ తెలుసు. ఆ ఇల్లు నిజాన్ని ఎప్పుడు ఒప్పుకుంటుందన్న ప్రశ్నే వాళ్లను కూర్చోబెడుతుంది. పదిహేడో శతాబ్దం మధ్యలో హ్యోజోంగ్ రాజు కాలంలో చోల్‌సాన్‌లో జోన్ దోంగ్‌హుల్ అనే అధికారి విచారించిన వ్యవహారమే ఈ కథకు మూలమని చెబుతారు.

కథలో శవాన్ని, సాక్ష్యాన్ని పరీక్షించడం గాలిలోంచి పుట్టింది కాదు. జోసోన్ పాలనలో అనుమానాస్పద మరణాల విచారణకు చైనా నుంచి వచ్చిన శవపరీక్ష గ్రంథం 'మువల్లోక్' ఆధారంగా ఉండేది. ఒక అధికారి పరీక్ష చేశాక పక్క ప్రాంతపు అధికారి వచ్చి మళ్లీ పరీక్షించేవాడు. మొదటివాడి నిర్ణయం రెండోవాడికి తెలియకూడదు. విషం పెట్టారేమోనని వెండి పుల్లను శవం నోట్లో పెట్టి, నల్లబడుతుందా అని చూసేవారు. జోంగ్జో రాజు కాలపు తీర్పుల సంకలనం 'సిమ్నిరోక్'లో వెయ్యికి పైగా కేసులున్నాయి. పండితుడు జోంగ్ యాక్‌యోంగ్ 1822లో 30 సంపుటాల 'హుమ్‌హుమ్‌సిన్‌సో' రాసి, ప్రాణం పోయిన వ్యవహారాల్లో అధికారులు ఎంత జాగ్రత్తగా ఉండాలో వివరించాడు.

తండ్రిని చంపడం వంటి నేరాలను ఆ కాలం లోకధర్మానికే జరిగిన ద్రోహంగా చూసింది. దోషికి మరణశిక్షతో సరిపోయేది కాదు. అతని ఇల్లు కూల్చి, ఆ చోట గుంట తవ్వి నీళ్లు నింపేవారు. ఊరి హోదా తగ్గించేవారు, అక్కడి అధికారిని పదవిలోంచి తీసేసేవారు. ఒక ఇంట్లో జరిగిన హత్యకు ఊరు ఊరంతా జవాబు చెప్పవలసి వచ్చేది. ఆ ఆలోచన ఛాయ నేటి దక్షిణ కొరియా శిక్షాస్మృతిలోనూ ఉంది. మామూలు హత్యకు కనీసం ఐదేళ్ల జైలు. తల్లిదండ్రులను, వారి పైతరం వారిని, భార్య లేదా భర్త వైపు అదే వరస వారిని చంపితే కనీసం ఏడేళ్లు. ఈ తేడా రాజ్యాంగబద్ధమేనని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2013లో తేల్చింది. బిడ్డను చంపిన తల్లిదండ్రులకు అలాంటి అదనపు శిక్ష ఆ సెక్షన్‌లో లేదు. ఈ లోటు గురించి తర్వాతి కాలపు సీరియళ్లు పదేపదే మాట్లాడాయి.

సినిమా ఈ కథను త్వరగానే అందుకుంది. 1924లో సియోల్‌లోని దాన్‌సోంగ్సా థియేటర్ వారు తీసిన 'జాంఘ్వా హోంగ్న్యోన్' మూకీ పూర్తిగా కొరియన్ల చేతుల్లోనే తయారైన తొలి చిత్రాల్లో లెక్కకు వస్తుంది. ఆ తర్వాత చాలాసార్లు తెరకెక్కిన ఆ కథను కిమ్ జీవూన్ 2003లో పూర్తిగా తిరగరాశాడు. ఆయన సినిమాలో దెయ్యం కంటే కుటుంబ సభ్యుల జ్ఞాపకాలే ఎక్కువ భయపెడతాయి.

నేటి కొరియా కుటుంబ హత్య కథలకు అసలు పునాది మాత్రం కిమ్ కీయోంగ్ 1960లో తీసిన 'హాన్యో' (పనిమనిషి). ఒక సంగీత ఉపాధ్యాయుడు, కుట్టుమిషన్ మీద వంగి డబ్బు కూడబెట్టిన భార్య, ఇద్దరు పిల్లలు, కొత్తగా కట్టుకున్న మేడ. ఆ ఇంటికి పనిమనిషి వస్తుంది. వంటింట్లో ఎలుకల మందు సీసా ఉంటుంది. సినిమా సగానికి వచ్చేసరికి ఆ సీసా ఎవరి చేతిలో ఉందన్నదే ప్రేక్షకుడి ఆందోళన. యుద్ధం ముగిసి ఏడేళ్లయిన దేశంలో సొంత మేడ మధ్యతరగతి కల. ఆ కల మెట్ల మీదే చావు జరగడం చూసి జనం చలించిపోయారు. కొన్ని హాళ్లలో పనిమనిషి పాత్రను చంపేయమని అరిచారని ఇప్పటికీ చెప్పుకుంటారు. చివర్లో కథానాయకుడు కెమెరా వైపు తిరిగి, ఇది ఎవరికైనా జరగవచ్చని ప్రేక్షకులతో నేరుగా మాట్లాడతాడు. చూసేవాళ్లను నిందితుల వరసలో నిలబెట్టే ఆ ఎత్తుగడ ఆ రోజుల్లో సాహసమే.

టీవీలో పరిస్థితి వేరు. కేబీఎస్ 1961 చివర్లో, ఎంబీసీ టెలివిజన్ 1969లో ప్రసారాలు మొదలుపెట్టాయి. ఇంట్లో అందరూ కలిసి చూసే పెట్టె కాబట్టి, కుటుంబం గురించి చల్లని కథలే చెప్పాలన్న పట్టుదల మొదటినుంచీ ఉంది. నేరం, కుటుంబం వేర్వేరు కార్యక్రమాలుగా విడిపోయాయి. ఎంబీసీలో 1971 నుంచి 1989 వరకు 880 ఎపిసోడ్లు నడిచిన 'సుసా బాన్‌జాంగ్' (పరిశోధన బృందం అధిపతి) నిజంగా జరిగిన కేసుల ఆధారంగా అల్లిన పోలీసు సీరియల్. అదే ఎంబీసీలో 1980 నుంచి 2002 వరకు 1088 ఎపిసోడ్లు వచ్చిన 'జోన్వన్ ఇల్గి' పల్లెటూరి ఉమ్మడి కుటుంబం కథ. రెండింటిలోనూ ప్రధాన పాత్రధారి చోయ్ బుల్‌అమ్. దాదాపు తొమ్మిదేళ్లపాటు ఒకే నటుడు ఒక రోజు హంతకులను పట్టుకునే ఇన్‌స్పెక్టర్‌గా, మరో రోజు ఇంటి పెద్దగా ప్రేక్షకుల ముందుకు వచ్చాడు. ఈ రెండు పాత్రలూ ఒకే ఇంట్లో కలవడానికి కొరియా టీవీకి ఇంకా చాలా కాలం పట్టింది.

ఈ మధ్యలో కుటుంబంలోని చీకటికి కాస్త చోటిచ్చినవి ఒక్క రోజుతో ముగిసే నాటికలు. 1977లో కేబీఎస్ మొదలుపెట్టిన 'జోన్సోల్ ఉయ్ గోహ్యాంగ్' పాత గాథలను, దెయ్యాల కథలను వారానికొకటి చెప్పింది. అత్తల ఆరళ్లు, సవతి తల్లుల కుట్రలు, అన్యాయంగా చనిపోయిన కోడళ్లు అందులో మామూలు. కాలం పాతది కాబట్టి అభ్యంతరం తక్కువ. 1980లో వచ్చిన కేబీఎస్ 'టీవీ మున్‌హక్‌గ్వాన్' ఆధునిక కథానికలను, నవలలను తెరమీదికి తెచ్చింది. ఎంబీసీ 1983 నుంచి 'బెస్ట్‌సెల్లర్ థియేటర్', 1991 నుంచి 'బెస్ట్ థియేటర్' నడిపింది. కొత్త రచయితలకు ఇవే బడి. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న నో హీక్యోంగ్ 1990ల మధ్యలో ఎంబీసీ పోటీలో గెలిచి 'బెస్ట్ థియేటర్'తోనే రంగప్రవేశం చేసింది. ఒక్క రాత్రితో అయిపోయే కథలో తండ్రి హంతకుడైనా, తల్లి అబద్ధాలకోరైనా చానల్‌కు పెద్ద నష్టం లేదు. మర్నాడు ఆ ఇల్లు తెరమీద ఉండదు.

ఆ వెసులుబాటు ఎంత విలువైనదో తెలియాలంటే పెద్ద సీరియళ్లు ఎలా తయారయ్యేవో చూడాలి. 1990ల మొదట్లో యంత్రాల ద్వారా రేటింగ్ లెక్కించడం వచ్చింది. వారం వారం వచ్చే అంకెలే సీరియల్ తలరాతను నిర్ణయించాయి. వారానికి రెండు ఎపిసోడ్లు, ఒక్కొక్కటి గంటకు పైగా. మొదటి నాలుగైదు ఎపిసోడ్లు తీసి ప్రసారం మొదలుపెట్టి, మిగతావి నడుస్తుండగా తీసేవారు. స్క్రిప్టు పేజీలు విడివిడిగా షూటింగ్ స్థలానికి చేరేవి. ఆ పేజీలను కొరియాలో 'జ్జోక్‌డేబోన్' అంటారు. జనానికి నచ్చిన సీరియల్‌ను పొడిగించేవారు, నచ్చనిదాన్ని ముందే ముగించేవారు.

ప్రేక్షకులు అప్పటికే గొంతు విప్పి ఉన్నారు. వార్తల్లో ప్రభుత్వ పక్షపాతానికి నిరసనగా 1986లో కేబీఎస్ లైసెన్సు రుసుము కట్టేది లేదని పెద్ద ఉద్యమమే నడిపారు. 2000 నాటి ప్రసార చట్టం చానళ్లలో ప్రేక్షకుల సంఘాలను, వాళ్ల విమర్శను వినిపించే వారపు కార్యక్రమాన్ని తప్పనిసరి చేసింది. అదే సమయానికి ఇంటర్నెట్ ఇంటింటికీ చేరింది. ప్రతి సీరియల్‌కూ చానల్ సైట్‌లో ప్రేక్షకుల అభిప్రాయాల పేజీ వచ్చింది. 2003లో ఎంబీసీ ప్రసారం చేసిన 14 ఎపిసోడ్ల 'దామో' పేజీలో లక్షల సందేశాలు పోగయ్యాయి. జోసోన్ కాలపు పరిశోధకురాలి ఆ కథకు ఊగిపోయిన వీరాభిమానులకు ఏకంగా ఒక పేరే పడింది. 2004లో ఎస్‌బీఎస్ చానల్ సీరియల్ 'లవర్స్ ఇన్ ప్యారిస్' ముగింపు ముందే బయటికి పొక్కింది. ఇన్ని వారాలు చూసిన ప్రేమకథ కథానాయిక రాసుకున్న రచన అని తేలుతుందట. దాని మీద చెలరేగిన నిరసన పత్రికల దాకా వెళ్లింది.

ప్రేమకథలో ఇలాంటి ఒత్తిడికి తలొగ్గితే పెద్ద ప్రమాదం లేదు, రెండో కథానాయకుడికి నాలుగు సన్నివేశాలు పెరుగుతాయి. హత్య కథలో అలా కుదరదు. హంతకుడెవరో మొదటి ఎపిసోడ్‌కు ముందే తేలాలి. మూడో వారంలో చూపించిన చెప్పు గుర్తు పదో వారంలో పనికి రావాలి. జనం ఊహించేశారని రచయిత దోషిని మారిస్తే వెనక వేసిన ముడులన్నీ ఊడిపోతాయి. పొడిగిస్తే కొత్త అనుమానితులను తేవాలి. వాళ్లకు పునాది ఉండదు. కుటుంబంలోని హత్య అయితే ఇబ్బంది ఇంకా ఎక్కువ. అనుమానించదగిన వాళ్లు నలుగురో ఐదుగురో. వాళ్లతో 16 ఎపిసోడ్లు నెట్టుకురావడానికే కష్టం, 50 మాట చెప్పక్కర్లేదు. వేళకు అందించలేని తొందర ఎంత దూరం పోతుందో 2011 మార్చిలో అందరూ కళ్లారా చూశారు. కిమ్ ఉన్‌హీ, జాంగ్ హాంగ్‌జూన్ రాసిన ఫోరెన్సిక్ సీరియల్ 'సైన్' చివరి ఎపిసోడ్ ప్రసారం నడుస్తుండగానే తెరమీద కలర్ బార్లు కనిపించాయి, శబ్దం పోయింది.

పొట్టి నాటికకు మాత్రం వ్యాపారంలో దిక్కు లేకపోయింది. రేటింగ్ తక్కువ, ప్రకటనలు తక్కువ. 'బెస్ట్ థియేటర్' 2007లో, కేబీఎస్ 'డ్రామా సిటీ' 2008 మార్చిలో ఆగిపోయాయి. రచయితలు, దర్శకులు బహిరంగంగా వ్యతిరేకించారు. 2010లో 'డ్రామా స్పెషల్' పేరుతో కేబీఎస్ మళ్లీ మొదలుపెట్టింది. ఆ వరసలోనే 2011 మొదట్లో ఎనిమిది ఎపిసోడ్ల 'వైట్ క్రిస్మస్' వచ్చింది. మంచు కప్పిన కొండ మీది పాఠశాలలో చిక్కుకున్న విద్యార్థులు, వాళ్ల మధ్య ఒక హంతకుడు. ఆదివారం రాత్రి బాగా పొద్దుపోయాక ప్రసారమైన దాన్ని అప్పుడు చూసినవాళ్లు కొద్దిమందే. తర్వాతి సంవత్సరాల్లో ఒకరు చెబితే ఒకరు వెతికి చూసి దానికి పెద్ద పేరు తెచ్చారు. మనిషి రాక్షసుడిగా పుడతాడా, తయారవుతాడా అని అది వేసిన ప్రశ్న తర్వాతి కుటుంబ కథలకు నేరుగా వారసత్వమైంది.

2015లో ఎస్‌బీఎస్ ప్రసారం చేసిన 'ద విలేజ్: అచియారాస్ సీక్రెట్' రచయిత్రి దో హ్యోన్‌జోంగ్. చిన్న ఊళ్లో దొరికిన అస్థిపంజరం దగ్గర మొదలై, ఒక జన్మ రహస్యం దాకా వెళ్లే కథ. రేటింగ్ అంతంతమాత్రం. చూసినవాళ్లు మాత్రం ప్రేమ వ్యవహారం జోలికి పోకుండా పరిశోధననే నమ్ముకున్నందుకు మెచ్చుకున్నారు. కొరియా సీరియళ్లలో జన్మ రహస్యం అరిగిపోయిన ఎత్తుగడ. ధనిక కుటుంబం, పేద పిల్ల, ఆసుపత్రిలో తారుమారైన బిడ్డలు. ఈ కథ ఆ రహస్యం వెనక ఉన్న లైంగిక హింసను, దాన్ని దాచిన ఊరి మౌనాన్ని ముందుకు తెచ్చింది. ఈ తరహా కథలు ఎదిగాయనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు. అదే రచయిత్రి 2018లో ఎంబీసీకి రాసిన 'చిల్డ్రన్ ఆఫ్ నోబడీ' పిల్లలను హింసించే తల్లిదండ్రుల మీదికే పరిశోధనను తిప్పింది. శిక్షాస్మృతి చూడని వైపు చూసిన కథ అది.

ఈలోగా తయారీ పద్ధతి మారడం మొదలైంది. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో కొరియాలో అడుగుపెట్టింది. 2017లో టీవీఎన్ 'స్ట్రేంజర్' మొత్తం ముందే తీసి ప్రసారం చేసింది. 2018 నుంచి వారానికి 52 గంటల పని పరిమితి దశలవారీగా అమల్లోకి వచ్చి, రాత్రింబవళ్లు షూటింగ్ చేసే అలవాటుకు కళ్లెం వేసింది. 2019లో కిమ్ ఉన్‌హీ రాసిన 'కింగ్‌డమ్' ఆరు ఎపిసోడ్లతో విడుదలై, కొరియా సీరియల్ అంటే 16 లేదా 20 ఎపిసోడ్లు ఉండి తీరాలన్న లెక్కను చెరిపేసింది.

పాత పద్ధతి బలమూ బలహీనతా ఒకేసారి బయటపడింది 'స్కై కాసిల్'లో. 2018 నవంబర్‌లో జేటీబీసీలో 1.7 శాతం రేటింగ్‌తో మొదలైన ఈ 20 ఎపిసోడ్ల సీరియల్ 2019 ఫిబ్రవరిలో 23.8 శాతంతో ముగిసింది. పిల్లల చదువు కోసం ఎంతకైనా తెగించే ధనిక కుటుంబాల మధ్య ఒక అమ్మాయి మరణం దేశమంతటినీ పరిశోధకులను చేసింది. జనవరిలో రెండు ఎపిసోడ్ల స్క్రిప్టు బయటికి పొక్కితే చానల్ చట్టపరమైన చర్యలకు దిగింది. చివరి ఎపిసోడ్‌లో అందరూ మారిపోయి కలిసిపోయేసరికి ప్రేక్షకులు మండిపడ్డారు. అన్నాళ్లు చూపించిన క్రూరత్వానికి ఆ ముగింపు సరిపోదన్నారు. ఆ కోపం న్యాయమైనదే. దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది కిమ్ సునోక్ రాసిన 'పెంట్‌హౌస్' (2020-21). ఒక అమ్మాయి హత్యతో మొదలై మూడు భాగాలు సాగిన ఈ సీరియల్‌లో చనిపోయిన పాత్రలు తిరిగి వచ్చాయి, మలుపు మీద మలుపు పడింది. ఫిర్యాదులు చేస్తూనే జనం చూశారు.

2023 వేసవిలో వచ్చిన 'లైస్ హిడెన్ ఇన్ మై గార్డెన్' ఎనిమిది ఎపిసోడ్లే. కిమ్ జిన్‌యోంగ్ నవల దీనికి ఆధారం. ఒకామె అందమైన ఇంటి పెరట్లోంచి కుళ్లు వాసన వస్తుంది. భర్త చేతిలో దెబ్బలు తింటున్న గర్భిణి మరో ఇంట్లో ఉంటుంది. ఈ గర్భిణిగా నటించిన ఇమ్ జియోన్, భర్త చనిపోయాక జాజాంగ్‌మ్యోన్ ఆవురావురుమని తినే సన్నివేశం దేశమంతా తిరిగింది. ఆ నల్ల సాస్ నూడుల్స్‌కు ప్రేక్షకులు 'భర్త పోయినప్పటి భోజనం' అనే అర్థంలో పేరు పెట్టుకున్నారు. పేజీలకొద్దీ సంభాషణ చెప్పలేని విడుదలను ఆ తిండి చెప్పింది. కథ నెమ్మదిగా ఉందన్నవాళ్లూ ఉన్నారు. ఎనిమిది ఎపిసోడ్లు కాబట్టి ఓపిక పట్టగలిగామని వాళ్లలో కొందరన్నారు.

ఎంబీసీ 2024 అక్టోబర్, నవంబర్‌లలో ప్రసారం చేసిన 'డౌట్' పది ఎపిసోడ్లు. ఆ చానల్ స్క్రిప్టు పోటీలో గెలిచిన హాన్ అయోంగ్ రచనకు సోంగ్ యోన్‌హ్వా దర్శకత్వం వహించింది. నేరస్థుల మనసు చదవడంలో దేశంలోనే పేరున్న పోలీసు అధికారి జాంగ్ తేసు. ఒక హత్య కేసు దర్యాప్తులో తన కూతురు హాబిన్ జాడలు అతనికి కనిపిస్తాయి. చాలా ఏళ్ల కిందట కొడుకు చనిపోయినప్పుడు కూడా అతని అనుమానం ఆ పసిపిల్ల మీదికే పోయింది. చోయ్ బుల్‌అమ్ రెండు సీరియళ్లలో వేరువేరుగా పోషించిన పోలీసు, తండ్రి పాత్రలు ఇక్కడ ఒకే మనిషిలోకి వచ్చాయి. తండ్రిగా నటించిన హాన్ సోక్‌క్యు దాదాపు 29 ఏళ్ల తర్వాత ఎంబీసీ సీరియల్‌లో కనిపించాడు. కూతురుగా చే వన్‌బిన్ ముఖంలో ఏమీ బయటపడనివ్వదు. అమాయకత్వమో, నేరమో తేల్చుకోలేక తండ్రితోపాటు చూసేవాళ్లూ నలిగిపోతారు.

ప్రేక్షకుల అభిప్రాయాలు మొదటి వారాల్లో రెండుగా చీలాయి. గదులన్నీ మరీ చీకటిగా ఉన్నాయని, తండ్రీకూతుళ్లు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే గొడవను సాగదీస్తున్నారని కొందరు విసుక్కున్నారు. కొరియా ప్రేక్షకులు ఇలా గొంతులో అడ్డుపడే కథను చిలగడదుంప అంటారు, గబగబా తేలిపోయేదాన్ని సోడా అంటారు. మరికొందరు ఆ చీకటినే మెచ్చుకున్నారు. పొడవాటి బల్లకు చెరో చివర కూర్చున్న ఇద్దరి మధ్య దూరమే ఆ ఇంటి కథ అన్నారు. మాట్లాడుకోలేకపోవడమే ఆ ఇంటి రోగం కాబట్టి, వాళ్లు మాట్లాడుకోవాలన్న ఫిర్యాదు నిజానికి రచయిత్రి ఉద్దేశాన్నే నిరూపించింది. ప్రతి ఎపిసోడ్ తర్వాత ఆధారాలను ఏరి విశ్లేషించే వీడియోలు వచ్చాయి. తండ్రి, కూతురు, చనిపోయిన తల్లి: ముగ్గురి మీదా వాదనలు నడిచాయి. చివరికి ముడులన్నీ విప్పారా లేదా అన్నదే ఇలాంటి కథకు అసలు పరీక్ష, అందులో 'డౌట్' నెగ్గిందని ఎక్కువ మంది ఒప్పుకున్నారు. 5.6 శాతంతో మొదలై మధ్యలో తగ్గిన రేటింగ్ చివరి రాత్రి 9.6 శాతానికి చేరింది. ఆ ఏడాది ఎంబీసీ డ్రామా పురస్కారాల్లో అత్యున్నతమైన దేసాంగ్ హాన్ సోక్‌క్యుకు దక్కింది.